మోకాటి లిగమెంట్ గాయం: కింద పడిన నిమిషం నుంచి తిరిగి ఆటలోకి దిగేదాకా సరిహద్దు జిల్లాల క్రీడాకారులకు సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు కుటుంబాలు నివసించే ఊళ్లలో పంట ఇంటికి చేరాక కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్, క్రికెట్ పోటీలు ఊపందుకుంటాయి. ఆ పోటీల్లో మోకాలు మెలితిరిగి పడిపోయిన కుర్రవాడి కథ సాధారణంగా ఒకే తీరున సాగుతుంది. ఆ సాయంత్రానికి మోకాలు బాగా వాస్తుంది, ఎవరో నూనె రాసి కట్టు కడతారు, రెండు మూడు వారాల్లో వాపు తీసి నడక కుదుటపడుతుంది, నయమైందనుకుని అతడు తర్వాతి పోటీకి మోకాటికి నీ క్యాప్ (సాగే తొడుగు) తొడుక్కుని దిగుతాడు. వాపు తగ్గడానికీ, తెగిన లిగమెంట్ బాగుపడటానికీ సంబంధం లేదు. ఈ ఒక్క విషయాన్ని ఆటగాళ్లు, తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయులు గుర్తుంచుకోగలిగితే మొదటి గాయంతోనే ఆగిపోవలసిన నష్టం జీవితకాలపు కీళ్ల నొప్పిగా మారకుండా చాలావరకు ఆపవచ్చు. ఆ ఉద్దేశంతోనే ఈ మార్గదర్శిని దశలవారీగా రాస్తున్నాను.

గాయపడేది ఏది, ఎంత తరచుగా

తొడ ఎముకనూ, కాలి ఎముకనూ కలిపి ఉంచే బలమైన పట్టీలే లిగమెంట్లు. మోకాటిలో ఇవి ప్రధానంగా నాలుగు. కీలు లోపల అడ్డంగా దాటుకుంటూ ఏసీఎల్, పీసీఎల్ ఉంటాయి. లోపలి పక్కన, అంటే రెండో కాలి వైపు, ఎంసీఎల్, బయటి పక్కన ఎల్‌సీఎల్ ఉంటాయి. కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా ఏసీఎల్ కాపాడుతుంది. ఎముకల మధ్య మెత్తగా, అర్ధచంద్రాకారంలో ఉండే రెండు మెనిస్కస్‌లు లిగమెంట్లు కాకపోయినా లిగమెంట్ గాయంతో పాటు అవి కూడా తరచుగా చిరుగుతాయి. ఈ సంగతి ముందు ముందు చాలా ముఖ్యమవుతుంది.

ఆటల్లో ఎక్కువగా దెబ్బతినేవి ఎంసీఎల్, ఏసీఎల్. ఎంసీఎల్ గాయం చాలావరకు తనంతట తానే అతుక్కుంటుంది, ఏసీఎల్ సాధారణంగా అలా అతుక్కోదు. అమెరికాలోని ఒక ప్రాంత జనాభాను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనంలో ఏటా లక్ష మందిలో సుమారు 69 మందికి ఏసీఎల్ తెగినట్టు తేలింది. ఇది ఆడేవారినీ ఆడనివారినీ కలిపి వేసిన లెక్క. అదే అధ్యయనంలో 19 నుంచి 25 ఏళ్ల మగవారిలోనూ, 14 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లల్లోనూ ఈ సంఖ్య లక్షకు 200 దాటింది. ఒకే ఆటను పోల్చి చూసినప్పుడు, ముఖ్యంగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి వాటిలో, అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువగా తగులుతుంది. మన జిల్లాల హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఫుట్‌బాల్, ఖోఖో ఆడే ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చేవారు ఈ మాటను ప్రత్యేకంగా పట్టించుకోవాలి.

ఏసీఎల్ గాయాల్లో పదింట ఏడు ఎవరూ తగలకుండానే జరుగుతాయి. వేగంగా పరుగెత్తుతూ హఠాత్తుగా ఆగడం, పాదం నేలకు అతుక్కుని ఉండగా శరీరం పక్కకు తిరగడం, ఎగిరి ఒంటికాలి మీద మోకాలు లోపలికి వంగేలా దిగడం, ఈ మూడే అసలు కారణాలు. వాలీబాల్‌లో స్మాష్ కొట్టి దిగేటప్పుడు, ఖోఖోలో స్తంభం దగ్గర ఒరుసుకుని మలుపు తిరిగేటప్పుడు జరిగేది ఇదే. కబడ్డీలో దీనికి మరో ప్రమాదం తోడవుతుంది. కూతకు వెళ్లిన ఆటగాడి చీలమండను ఒకరు పట్టుకుని ఉండగా ఇంకొకరు పక్కనుంచి తొడ మీద పడితే ఆ బరువంతా మోకాటి మీదికే వస్తుంది, అప్పుడు ఎంసీఎల్, ఏసీఎల్ రెండూ ఒకేసారి తెగే అవకాశం ఉంటుంది. వంచిన మోకాటి మీద ముందుకు పడటం వల్లనో, బైకు ప్రమాదంలో మోకాటి కింద ముందువైపు దెబ్బ తగలడం వల్లనో పీసీఎల్ గాయపడుతుంది.

మొదటి దశ: మైదానంలో మొదటి పది నిమిషాలు

ఆటను వెంటనే ఆపాలి. పడిపోయినవాడిని లేపి నిలబెట్టి “నడిచి చూడు” అనకూడదు, కాలును లాగకూడదు, “కీలు తప్పింది, సరిచేస్తాను” అని ముందుకు వచ్చేవారిని దగ్గరికి రానివ్వకూడదు. అతడిని కూర్చోబెట్టి, లేదా పడుకోబెట్టి, నాలుగు ప్రశ్నలు అడగాలి: లోపల ‘టప్’మని తెగినట్టు అనిపించిందా, మోకాలు పక్కకు జారినట్టు అనిపించిందా, పాదంలో తిమ్మిరి ఉందా, కాలు చాపగలుగుతున్నాడా. ఈ జవాబులను, పడిన సమయాన్ని, పడిన తీరును ఒక కాగితం మీద రాసి పెట్టండి. పది రోజుల తర్వాత డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది, ఎందుకంటే గాయం ఎలా జరిగిందన్న వివరణలోనే సగం రోగనిర్ధారణ ఉంటుంది.

తర్వాత బూటు, సాక్సు విప్పి పాదాన్ని చూడాలి. పాదం పాలిపోయి చల్లబడినా, వేళ్లను పైకి ఎత్తలేకపోయినా, మోకాలు స్పష్టంగా వంకర తిరిగి కనిపించినా అది లిగమెంట్లతో ఆగిన గాయం కాదు. మోకాటి కీలు పూర్తిగా తొలగినప్పుడు దాని వెనుక ఉండే రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంటుంది, గంటల్లో చికిత్స అందకపోతే కాలునే కోల్పోవలసి రావచ్చు. అలాంటప్పుడు ఐసు కోసం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి తరలించాలి.

ఆ లక్షణాలు లేకపోతే మోకాటి కిందా పైనా మడిచిన దుప్పటి చుట్టి, ఇరుపక్కలా వెదురు బద్దలో కర్రలో ఆనించి, వదులుగా కట్టి కదలకుండా చేయాలి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి కాలు వేలాడుతుండగా తీసుకుపోవడం మన ఊళ్లలో అలవాటుగా జరుగుతుంది, కానీ దాని వల్ల దారిలోని ప్రతి గుంతా గాయాన్ని పెంచుతుంది. ఆటోలో వెనుక సీటు మీద కాలు చాపి పడుకోబెట్టడం మేలు.

రెండవ దశ: మొదటి మూడు రోజులు

ఐసును నేరుగా చర్మం మీద పెట్టకూడదు. పాలిథిన్ సంచిలో వేసి, తడి తువ్వాలు చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు మాత్రమే ఉంచి తీయాలి. రెండు మూడు గంటలకొకసారి మళ్లీ పెట్టవచ్చు. ఫ్రిజ్ లేని ఇళ్లవారు కూల్‌డ్రింక్ దుకాణంలోనో, చేపల సంతలోనో దొరికే ఐసును వాడుకోవచ్చు. పాదం నుంచి తొడ మధ్య వరకు క్రేప్ బ్యాండేజీ చుట్టాలి, వేళ్లు నీలంగా మారినా తిమ్మిరెక్కినా వెంటనే వదులు చేయాలి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక జాగ్రత్త ఉంది. నొప్పి తగ్గుతుందని మోకాటి కింద దిండు పెట్టుకుంటారు, అలా రోజుల తరబడి ఉంచితే మోకాలు వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. దిండును మడమ కింద పెట్టాలి, మోకాలు నిటారుగా చాచుకుని ఉండాలి. చాచగలిగే శక్తిని ఒకసారి కోల్పోతే దాన్ని తిరిగి తెచ్చుకోవడం వంచగలిగే శక్తిని తెచ్చుకోవడం కంటే కష్టం.

మొదటి మూడు రోజులు వేడి కాపడం, నూనె మర్దన, సారా, పరుగు, ఈ నాలుగింటినీ దూరంగా ఉంచాలి. మర్దన పేరుతో గట్టిగా పిసకడం వల్ల లోపలి రక్తస్రావం పెరుగుతుంది. కట్టు వైద్యం మీద మన పెద్దలకున్న నమ్మకాన్ని కించపరచడం నా ఉద్దేశం కాదు, అయితే గట్టిగా కట్టిన కట్టు కింద వాపు పెరిగి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదాన్ని, తెగిన ఏసీఎల్‌ను ఏ కట్టూ అతికించలేదన్న వాస్తవాన్ని స్పష్టంగా చెప్పక తప్పదు. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. ఇంజెక్షన్ వేయించుకుని అదే రోజు రెండో మ్యాచ్ ఆడటం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని.

మూడవ దశ: ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి

గాయమైన కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బిపోయిందంటే కీలు లోపల రక్తం చేరిందని అర్థం. అలా రక్తం చేరిన ఆటగాళ్లలో మూడింట రెండు వంతుల మందికి పైగా ఏసీఎల్ తెగి ఉంటుంది. వాపు మర్నాటికి నెమ్మదిగా వస్తే మెనిస్కస్ గాయాన్ని ఎక్కువగా అనుమానిస్తారు. నాలుగడుగులు కూడా వేయలేకపోతే, మోకాటిని 90 డిగ్రీల వరకు వంచలేకపోతే, మోకాటి చిప్ప మీదగానీ బయటి పక్కన పొడుచుకు వచ్చిన సన్నని ఎముక తల మీదగానీ నొక్కితే నొప్పి ఉంటే ముందుగా ఎక్స్‌రే తీయించాలి. మోకాలు ఒక చోట ఇరుక్కుపోయి చాచలేకపోతే, చిరిగిన మెనిస్కస్ ముక్క మధ్యలో అడ్డుపడి ఉండవచ్చు. దానిని వారాల తరబడి వాయిదా వేయకూడదు.

పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పక్క ఊరి ఆర్‌ఎంపీతో ఆగకుండా ఎముకల డాక్టరును కలవాలి. గంజాం, గజపతి వైపు వారికి బ్రహ్మపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, కొరాపుట్, జయపురం వైపు వారికి కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరి పెద్ద ప్రభుత్వాసుపత్రులు. రాయగడ వారు రైలెక్కి విశాఖపట్నం వెళ్లడమూ, పర్లాకిమిడి వారు పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్లడమూ మామూలే. అలా రాష్ట్రం దాటే ముందు ఖర్చు సంగతి తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆ రాష్ట్ర వాసులకు ఉద్దేశించినది, ఒడిశా చిరునామా ఉన్నవారు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. ఆయుష్మాన్ కార్డు దేశమంతటా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది; ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది. మీరు వెళ్లబోయే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందా, మీకు సూచించిన ఆపరేషన్‌కు అది వర్తిస్తుందా అని బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

నాలుగవ దశ: నిర్ధారణ

అనుభవమున్న డాక్టరు చేతి పరీక్షతోనే చాలావరకు తేల్చగలరు. మోకాటిని 20, 30 డిగ్రీలు వంచి కాలి ఎముకను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్ష ఏసీఎల్‌కు అన్నిటికంటే నమ్మదగినది. గాయం కొత్తగా ఉన్నప్పుడు నొప్పికి కండరాలు బిగుసుకుని పరీక్ష సరిగా కుదరకపోవచ్చు, అందుకే వారం పది రోజుల తర్వాత మళ్లీ రమ్మంటే తప్పక వెళ్లాలి. వాపు తగ్గిందని ఆ రెండో పరీక్షను ఎగ్గొట్టడమే చాలామంది ఆటగాళ్ల కొంప ముంచుతోంది. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు. “ఎక్స్‌రే బాగుంది” అన్నంత మాత్రాన మోకాలు బాగున్నట్టు కాదు. మెనిస్కస్‌తో సహా లోపలి వివరాలన్నీ తెలియాలంటే ఎంఆర్‌ఐ కావాలి.

ఐదవ దశ: ఆపరేషనా, వ్యాయామమా

ఎంసీఎల్ విడిగా గాయపడితే ఆపరేషన్ అవసరం చాలా అరుదు. కొద్దిగా సాగితే ఒకటి నుంచి మూడు వారాలు, సగం తెగితే మూడు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెగితే కీలు ఉన్న బ్రేస్‌తో (మోకాటిని పట్టి ఉంచే గట్టి తొడుగుతో) ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పీసీఎల్ విడి గాయాలను కూడా చాలావరకు వ్యాయామంతోనే సరిదిద్దుతారు. రెండు మూడు లిగమెంట్లు కలిసి తెగితే ఆపరేషన్ గురించి త్వరగా నిర్ణయించుకోవాలి.

ఏసీఎల్ విషయంలో తొందరపడి ఒకే జవాబు చెప్పడం సరికాదు. స్వీడన్‌లో ఆటలాడే 121 మంది యువతీయువకులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ముందుగానే ఆపరేషన్, రెండో జట్టుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్న పద్ధతిలో చికిత్స చేసి 2010లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ల తర్వాత రెండు జట్ల మోకాళ్ల స్థితిలో చెప్పుకోదగిన తేడా లేదు. రెండో జట్టులో ఐదేళ్లలో సగం మందికి ఆపరేషన్ అవసరమైంది, మిగిలిన సగం మంది అది లేకుండానే గడిపారు. కనుక పొలం పని, ఉద్యోగం, ఈత, సైకిల్‌తో తృప్తిపడేవారు మూడు నెలలు క్రమంగా వ్యాయామం చేసి మోకాలు జారకుండా ఉందో లేదో చూసుకుని నిర్ణయించుకోవచ్చు. కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి మలుపుల ఆటలకు తిరిగి వెళ్లాలనుకునే యువకులకూ, నడకలో కూడా మోకాలు జారుతున్నవారికీ, కుట్టగలిగిన మెనిస్కస్ చిరుగు ఉన్నవారికీ ఆపరేషనే తగినదని నా అభిప్రాయం. ఎదుగుతున్న పిల్లల్లో ఎముక చివరన పెరుగుదల పొర ఉంటుంది కాబట్టి వారి ఆపరేషన్‌ను పిల్లల మోకాళ్లలో అనుభవమున్న సర్జన్ చేతనే చేయించాలి.

ఎటూ తేల్చుకోకుండా, జారే మోకాటితోనే ఆడుతూ పోవడమే అన్నిటికంటే చెడ్డ మార్గం. జారిన ప్రతిసారీ మెనిస్కస్ మరికొంత చిరుగుతుంది, ఎముకల మీది మృదులాస్థి అరుగుతుంది. ఏసీఎల్ తెగినవారిలో సుమారు సగం మందికి పది ఇరవై ఏళ్లలో ఎక్స్‌రేలో కనిపించేంత అరుగుదల వస్తుంది, మెనిస్కస్ కూడా పోయినవారిలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఆపరేషన్‌లో తెగిన లిగమెంట్‌ను కుట్టడం అరుదు. తొడ వెనుక నుంచిగానీ, మోకాటి చిప్ప కింద నుంచిగానీ తీసిన స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీని) దాని స్థానంలో అమరుస్తారు. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాపగలిగాక చేయించుకుంటే బిగుసుకుపోయే ప్రమాదం తక్కువగా ఉంటుంది.

ఆరవ దశ: తొమ్మిది నెలల వ్యాయామం

సర్జన్ పని గంటన్నరలో ముగుస్తుంది, ఆటగాడి పని తొమ్మిది నెలలకు పైగా ఉంటుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వారం వారం రాయగడ నుంచో గుణుపురం నుంచో ప్రయాణించడం కుదరనివారు మొదటి నెలలో తరచుగా, తర్వాత నెలకొకసారైనా వెళ్లి, తర్వాతి నెలకు చేయాల్సిన వ్యాయామాలను చూపించుకుని ఫోన్‌లో వీడియో తీయించుకోవాలి. ఇక్కడ చెబుతున్నది సాధారణ క్రమం. మెనిస్కస్ కుట్టినవారికి మోకాలు వంచడంలోనూ బరువు మోపడంలోనూ అదనపు నియమాలు ఉంటాయి.

మొదటి రెండు వారాల్లో సాధించవలసినవి: మోకాటిని పూర్తిగా చాపడం, తొడ ముందు కండరాన్ని బిగించి పది వరకు లెక్కపెట్టి వదలడం, కాలును నిటారుగా ఎత్తడం, మడమను మంచం మీద జరుపుతూ 90 డిగ్రీల వరకు వంచడం. పిక్క వాచి నొప్పి పెడితే రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించుకోవాలి.

ఈ కాలంలో మన ఇళ్లలోని అలవాట్లే పెద్ద అడ్డంకి. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, నేల మీద బాసింపట్టు వేసి భోజనం, చెరువు మెట్లు, వానాకాలంలో జారే పొలం గట్టు, వీటన్నిటినీ కొన్ని నెలలు తప్పించాలి. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీని మరుగుదొడ్డి మీద వేసుకుంటే మొదటి సమస్య తక్కువ ఖర్చులో తీరుతుంది. ఇంటికి పెద్ద దిక్కు తానే అయిన యువకుడు రెండో నెలలోనే వడ్ల బస్తా ఎత్తుతానంటే ఇంట్లోవారే ఆపాలి, ఎందుకంటే కొత్తగా అమర్చిన స్నాయువు అన్నిటికంటే బలహీనంగా ఉండేది సుమారు ఆరవ వారం నుంచి పన్నెండవ వారం మధ్యనే, సరిగ్గా ఆ సమయంలోనే నొప్పి పోయి ధైర్యం వస్తుంది.

ఆరవ వారం నాటికి కర్రలు లేని సక్రమమైన నడక, స్టాండు వేసిన సైకిల్ తొక్కడం, గోడకు ఆనుకుని సగం వరకు కూర్చుని లేవడం రావాలి. మూడో నెలలో మెట్టెక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం, తొడ వెనుక కండరాల, పిరుదుల వ్యాయామాలు పెంచాలి. వాపు లేకుండా, తొడ బలం తిరిగి వస్తున్నప్పుడు మాత్రమే మూడు నాలుగు నెలల మధ్య సమతలమైన నేల మీద నెమ్మదిగా పరుగు మొదలవుతుంది. ఆ తర్వాతే రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో దూకడం, చివరగా మలుపులు. ఏ వ్యాయామం చేసిన మర్నాడు మోకాలు వాచినా ఒక మెట్టు వెనక్కి దిగాలి.

ఏడవ దశ: తిరిగి ఆటలోకి

2016లో వెలువడిన ఓస్లో అధ్యయనం ఈ విషయంలో దారి చూపిస్తుంది. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల వరకు ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే ముప్పు దాదాపు సగానికి తగ్గినట్టు అందులో తేలింది. తిరిగి ఆటలోకి వచ్చిన 25 ఏళ్ల లోపు వారిలో దాదాపు నలుగురిలో ఒకరికి అదే మోకాటిలోనో రెండో మోకాటిలోనో ఏసీఎల్ మళ్లీ తెగుతోందని వేరే అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన లెక్క చెబుతోంది. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్ 2023 అక్టోబరులో ఏసీఎల్ తెగి సరిగ్గా ఏడాదికి మైదానంలోకి వచ్చారు. 2022 డిసెంబరు చివర కారు ప్రమాదంలో మోకాటి లిగమెంట్లు తెగిన రిషభ్ పంత్ 2024 మార్చిలో గానీ తిరిగి ఆడలేదు. అత్యుత్తమ వైద్యం అందినవారికే అంత సమయం పట్టినప్పుడు పల్లె ఆటగాడిని ఆరో నెలలో దసరా పోటీకి రమ్మని ఒత్తిడి చేయడం అన్యాయం.

అయితే నెలలు నిండినంత మాత్రాన చాలదు, పరీక్షలు నెగ్గాలి. మోకాటిలో వాపు ఉండకూడదు, రెండో కాలితో సమానంగా చాపగలగాలి, జారిన భావన ఉండకూడదు. టేపు పరిచి ఒంటికాలితో ఒక దూకు, వరుసగా మూడు దూకులు దూకించి దూరం కొలవాలి. గాయపడిన కాలు రెండో కాలి దూరంలో కనీసం 90 శాతం దూకాలి, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. నెలల విశ్రాంతిలో మంచి కాలు కూడా నీరసిస్తుంది కాబట్టి ఈ 90 శాతం మనల్ని మోసం చేయవచ్చు. అందుకే తొడ బలాన్ని యంత్రంతో కొలిచే సౌకర్యం ఉన్న చోట ఒక్కసారైనా కొలిపించుకోవడం మంచిది. మళ్లీ తెగుతుందేమోనన్న భయం మనసులో ఉన్నంతకాలం పోటీకి దింపకూడదు, అలాంటి ఆటగాడు సంకోచంతో తప్పుగా అడుగు వేస్తాడు. ముందు ఒంటరి సాధన, తర్వాత జట్టుతో తాకిడి లేని సాధన, ఆ తర్వాత పూర్తి సాధన, చివరగా పది పదిహేను నిమిషాల మ్యాచ్, ఈ వరుసలో ఒక్కో మెట్టుకూ కనీసం రెండు వారాలు ఇవ్వాలి. నీ క్యాప్ ధైర్యాన్నిస్తుంది గానీ తెగబోయే లిగమెంట్‌ను ఆపలేదు.

ఎనిమిదవ దశ: గాయం కాకముందే

ఫుట్‌బాల్ కోసం రూపొందిన ఫిఫా 11 ప్లస్ అనే సన్నాహక క్రమం ఇరవై నిమిషాలది: ఎనిమిది నిమిషాల పరుగులు, పది నిమిషాల బలం, దూకడం, నిలకడ వ్యాయామాలు, రెండు నిమిషాల వేగపు పరుగులు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల బాలికల జట్లలో దీనిని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన గాయాలు, అతిశ్రమ వల్ల వచ్చే గాయాలు గణనీయంగా తగ్గాయి. ఇటువంటి క్రమాలు ఏసీఎల్ గాయాలను సుమారు సగానికి తగ్గిస్తాయని తర్వాతి సమీక్షలు చూపించాయి. దీనికి బంతి తప్ప పరికరాలేవీ అక్కర్లేదు, కబడ్డీ, ఖోఖో జట్లకూ ఇది సరిపోతుంది. వారానికి కనీసం రెండుసార్లు, సీజన్ అంతా చేయాలి. పోటీకి ముందు రెండు రోజులు చేసి మానేస్తే ఫలితం ఉండదు.

వ్యాయామ ఉపాధ్యాయులు అన్నిటికంటే ముందు నేర్పవలసింది దిగడం. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి, మోకాలు కాలి వేళ్లకు సూటిగా ఉండేలా, చప్పుడు కాకుండా దిగాలి. ఎదురుగా నిలబడి చూస్తే మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలిపోయే పిల్లలు ఇట్టే కనిపిస్తారు, వారికే ఈ సాధన ఎక్కువ అవసరం. తొడ వెనుక కండరాలకు జంటగా చేసే వ్యాయామం ఒకటుంది: ఒకరు మోకాళ్ల మీద నిలబడితే ఇంకొకరు చీలమండలు పట్టుకుంటారు, మొదటివాడు నడుము వంచకుండా నెమ్మదిగా ముందుకు వాలాలి. మొదట్లో ఐదుసార్లు చాలు.

పోటీలు నిర్వహించే యువజన సంఘాలు చేయవలసినవి కూడా ఉన్నాయి. ఎర్రమట్టి నేల ఎండకు బిగిసి రాయిలా మారినప్పుడు ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లి పైపొర మెత్తబరచాలి, గులకరాళ్లు ఏరాలి, కోసిన పొలంలో ఆడితే వరి మోళ్లు పూర్తిగా తీసి గుంతలు పూడ్చాలి. కబడ్డీకి పొట్టు కలిపిన మెత్తని మట్టి పరచడమో, మ్యాట్ అద్దెకు తేవడమో చేయాలి. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ మైదానం పక్కన ఐసు పెట్టె, నాలుగు క్రేప్ బ్యాండేజీలు, రెండు వెదురు బద్దలు, ఒక దుప్పటి, గాయపడినవారిని పడుకోబెట్టి తీసుకెళ్లడానికి ముందే మాట్లాడి ఉంచిన ఆటో ఉండాలి. ఒక్కో ఆటగాడి రక్తసంబంధీకుల ఫోన్ నంబరు, ఆయుష్మాన్ కార్డు ఉందో లేదో ఆ వివరం పేర్లు నమోదు చేసుకునే పుస్తకంలోనే రాసి పెట్టాలి.